మూడోసారి అడిగిన మాట

శనివారం రాత్రి డల్లాస్ నుంచి ఫోన్ చేస్తే తెనాలిలో ఆదివారం పొద్దున. "ఏం కూర వండుకున్నార్రా?" అని అమ్మ పది నిమిషాల్లో మూడుసార్లు అడిగేది. "మూడుసార్లూ వంకాయేనమ్మా" అని నవ్వేవాణ్ణి. ప్రోగ్రాములో ఒకే లైను మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే రాత్రంతా కూర్చుని తప్పు పట్టుకునేవాణ్ణి. అమ్మ మాట తిరుగుతుంటే మాత్రం వయసులే అనుకున్నాను. డాక్టరు అల్జీమర్స్ అని తేల్చేసరికి అమ్మ నా పేరు కోసం తడుముకుంటోంది.

2023 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ లెకానెమాబ్ అనే మందుకి పూర్తి అనుమతి ఇచ్చింది. మెదడులో పేరుకునే అమైలాయిడ్ ప్రోటీన్‌ని తొలగించే మందు. ఆ పరిశోధన వ్యాసం ఆఖరిదాకా చదివాను. దాదాపు 1,800 మంది, 18 నెలలు, రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించడం. జబ్బు నయం కాదు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళతో పోలిస్తే ముదరడం 27 శాతం నెమ్మదించింది. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం. ఇవన్నీ దాటి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను: తొలిదశలో ఉన్నవాళ్ళకే.

అమ్మ తొలిదశ నా నవ్వులోనే గడిచిపోయింది.

ఇప్పుడు అమ్మ ఏమీ అడగదు. నేనే అడుగుతాను, "ఏం కూరమ్మా?" అని. జవాబు రాకపోతే మళ్ళీ అడుగుతాను. మూడుసార్లు.