గడప దాటని మందు



మా యమ్మ ముగ్గు పెట్టినచో వాకిలి నిండియుండెడిది. మూడేండ్ల క్రిందట ఆ ముగ్గు నానాటికి చిన్నదగుట మొదలాయెను. పిదప ఊరకున్నపుడు కుడిచేయి వణకసాగెను. వైద్యురాలు పరీక్షించి, ఇది పార్కిన్‌సన్ వ్యాధి యనియు, మెదడులో డోపమిన్ అను పదార్థము తగ్గుటచే కలిగినదనియు చెప్పిరి.

"అట్లయిన ఆ డోపమిన్‌నే యీయరాదా?" అని యడిగితిని.

"అమ్మా, అది రక్తములో తిరుగునే కాని మెదడు గడప దాటలేదు" అనిరి.

ఆ మాట వింతగా తోచి, చదివి తెలిసికొంటిని. 1885లో జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ అను శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తములోనికి రంగు నెక్కింపగా అవయవములు రంగు పట్టెను; మెదడు మాత్రము పట్టలేదు. 1913లో ఎడ్విన్ గోల్డ్‌మన్ మెదడు చుట్టునుండు ద్రవములో రంగు చేర్పగా, మెదడు రంగు పట్టెను. తక్కిన శరీరమునకు అంటలేదు. నడుమ నొక అడ్డు కలదని యట్లు తేలెను. అది వేరొక గోడ కాదు. మెదడులోని సన్నని రక్తనాళముల లోపలి కణములే సందు లేక బిగిసియున్నవి. 1967లో రీజ్, కార్నోవ్‌స్కీ యనువారు ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ బిగువును చూపిరి. ప్రాణవాయువు ఆ కణముల గుండ దూరిపోవును. చక్కెర మున్నగువానికి వేరువేరు ద్వారములు కలవు.

డోపమిన్‌కు ద్వారము లేదు. దాని పూర్వరూపమైన లెవోడోపాకు కలదు. అది లోనికి పోయి డోపమిన్‌గా మారును. వెలుపలనే మారిపోకుండ కార్బిడోపా యను మందు దానికి తోడుండును. తాను మాత్రము గడప దాటదు.

మాత్రలు తెచ్చితిమి. ఒకనాడు చేయి కుదురుగా నుండును, మరునాడు ఉండదు. మందును నిందించితిని, అమ్మపై విసుగుకొంటిని. తప్పు నాదే. పరగడుపున వికారము కలుగునని, పప్పన్నము, పెరుగన్నము నడుమ మాత్ర నిచ్చుచుంటిని. పప్పులోను పెరుగులోను గల మాంసకృత్తులు జీర్ణమైనపుడు పుట్టు ఆమ్లములు కొన్ని లెవోడోపా పోవు ద్వారముననే పోవును. ప్రేగులలోను, మెదడు గడపయొద్దను అవి దానిని వెనుకకు నెట్టును. వైద్యురాలి సలహాపై భోజనమునకు అరగంట ముందు ఇచ్చుచున్నాను. గుణము నిలకడగా కనబడుచున్నది.

ఆ గడపపై నాకు కోపము వచ్చిన మాట నిజము. కాని డెబ్బదియేండ్లుగా, రక్తములో చేరిన విషము లెన్నింటినో అమ్మ మెదడు దరి చేరనీయక కాచినదియు నదియే. కాపలా గట్టిదైనచోట ఆప్తులు సైతము సరియైన ద్వారము నెరిగి పోవలసినదే కదా!

వ్యాధి పోలేదు. మొన్నటి సంక్రాంతికి అమ్మ తానే చుక్కలు పెట్టినది. ముగ్గు పూర్వమంత పెద్దది కాదు. గీత మాత్రము తెగలేదు.

మీ యింట పెద్దలకు మాత్ర నిచ్చునపుడు, ఎన్ని యని మాత్రమే కాక, ఎప్పుడు, దేనితో అని కూడ వైద్యుల నడుగుడు. నేను అడుగక కొన్ని నెలలు పోగొట్టుకొంటిని.