కాళ్లు చాపుకున్న వారం

21 కిలోమీటర్లు పరుగెత్తడం కష్టం కాదండీ. దానికి ముందు వారం పరుగెత్తకుండా ఇంట్లో కూర్చోవడమే కష్టం. వేళాకోళం అనుకోకండి. నా 52వ ఏట, 2023 ఆగస్టులో, హైదరాబాదు మారథాన్‌లో సగం దూరం పరుగెత్తే యోగం పట్టింది నాకు. సగమే కదా అనుకునేరు! నెక్లెస్ రోడ్డు దగ్గర బయల్దేరి గచ్చిబౌలి చేరాలి. మధ్యలో ఫ్లైఓవర్లూ ఎత్తుపల్లాలూ బస్సులో కూర్చున్నవాళ్లకు తెలియవు, కాళ్లకే తెలుస్తాయి. మిమ్మల్ని ఊరించడం దేనికి, ఫలితం ముందే చెప్పేస్తాను. 2 గంటల 51 నిమిషాల్లో చేరాను. నేను చెప్పాలనుకున్నది ఆ ఆదివారం సంగతి కాదు, దాని ముందు ఆరు రోజుల సంగతి.

షుగరు గీత మీద ఉంది, నడవండి అన్నారు డాక్టరుగారు. ఆ నడకే రెండేళ్లలో పరుగైంది. పార్కులో మాకు పరుగు నేర్పే అమ్మాయి నా కూతురి ఈడుది. "ఆంటీ, ఆంటీ" అంటూనే నాలుగు నెలలు చెమటలు కక్కించింది. వారానికి 35 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లింది. పోటీ రెండు వారాలుందనగా ఒక్క ఊపున 18 పరుగెత్తించి, ఆ తర్వాత ఒక కాగితం చేతిలో పెట్టింది. చివరి వారం సోమవారం విశ్రాంతి. మంగళవారం 5, అందులో 2 మాత్రం పోటీనాటి వేగంతో. బుధవారం విశ్రాంతి. గురువారం 4, చివర్లో 100 మీటర్ల చొప్పున నాలుగుసార్లు చురుగ్గా. శుక్రవారం విశ్రాంతి. శనివారం కాసేపు నడక. అంతే.

"ఇదేమిటమ్మా, పరీక్ష ముందు పుస్తకం మూసెయ్యమంటావా?" అన్నాను.

ఆ పిల్ల చెప్పిన జవాబు నాకు బాగా పట్టింది. పరుగెత్తేటప్పుడు బలం రాదట. అప్పుడు కండరం నలిగిపోతుంది, అలసట పేరుకుంటుంది. బలం వచ్చేది ఆ తర్వాత, తిని పడుకున్నప్పుడు. చివరి వారం చేసిన సాధన ఫలం ఆదివారానికి చేతికి రాదు, అలసట మాత్రం తప్పకుండా వస్తుంది. అందుకని దూరం సగానికి కోస్తారు. వేగాన్ని మాత్రం పూర్తిగా మాన్పించరు, కాళ్లు మరిచిపోకుండా. ఇంకో సంగతి. మనం తిన్న అన్నంలో కొంత గ్లైకోజన్ అనే పేరుతో కండరాల్లో, కాలేయంలో నిలవ ఉంటుంది. ఖర్చు తగ్గితే నిలవ పెరుగుతుంది. ఒక్కో గ్రాముతో మూడేసి గ్రాముల నీరు కూడా చేరుతుంది గనక, ఆ వారం కిలో బరువు పెరిగినా బెంబేలు పడకూడదు. 1960లలో స్వీడన్ శాస్త్రజ్ఞులు మనుషుల కండరంలోంచి పిసరంత ముక్క తీసి మరీ ఈ లెక్క తేల్చారట. పాపం, ఎవరి తొడలో!

కాగితం బాగానే ఉంది, కానీ గోడ మీద పంచాంగం వేరే ఉంది. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది కదా, వరలక్ష్మీ వ్రతం జరిగి జరిగి ఆగస్టు 25 శుక్రవారం పడింది. పరుగు 27 ఆదివారం. కాగితంలో "విశ్రాంతి" అని ఉన్న ప్రతి గడికీ ఇంట్లో ఒక పని సిద్ధంగా ఉంది. బూజులు దులపాలి, వెండి సామాను తోమాలి, పూర్ణాలకు పప్పు చూసుకోవాలి, ఆడపడుచు వస్తుంది కనుక పై గది సర్దాలి. "ఈ వారం నీకు పరుగు లేదుగా, ఖాళీయేగా" అన్నారు మావారు, మంచి మనసుతోనే. అత్తయ్యగారి ధోరణి వేరు. "ఎవరైనా తరుముతున్నారటే నిన్ను?" అని ఆవిడ అడగబట్టి అప్పటికే రెండేళ్లు.

అసలు మన ఇళ్లలో ఆడది పట్టపగలు కాళ్లు చాపుకుని కూర్చోవాలంటే ఏదో కారణం చూపించాలి. జ్వరమో, పురుడో, పూర్వమైతే ఆ మూడు రోజులో. మా అమ్మ నడుం వాల్చడం నేను చూసింది ఆ సందర్భాల్లోనే. అన్నీ ఓపిక పోయాక దొరికినవే. చేయబోయే పనికి ముందుగా ఓపిక కూడదీసుకోవడానికి పడుకోవడమన్నది మా వంశంలో ఆడవాళ్లెవరూ ఎరగరు.

ఎడ్లకైతే ఉంది సుమండీ! ఒంగోలు దగ్గర మా పెదనాన్నగారికి బండలాగే ఎడ్లుండేవి. పోటీకి నెల ముందు నుంచీ వాటిచేత బరువు లాగించి లాగించి, తీరా రోజులు దగ్గరపడ్డాక కాడి దించేసేవారు. ఉలవలు పెట్టడం, ఒళ్లు రుద్దడం, చెరువుగట్టు దాకా ఊరికే నడిపించి తేవడం, అంతే. ఆ రోజుల్లో ఎవరైనా ఎడ్లను బండికి అడిగితే పెదనాన్నగారు కర్ర తీసేవారు. ఆ ఉలవలు ఉడకేసేది మా పెద్దమ్మ. ఆవిడ మెడ మీది కాడి దించాలని ఎవరికీ తోచినట్టు లేదు.

ఇంత దూరం పరుగెత్తే ఒళ్లు ఆడదానికి లేదని చదువుకున్నవాళ్లే నమ్మారు. 1967లో బోస్టన్‌లో కాథరిన్ స్విట్జర్ అనే అమ్మాయి నంబరు కట్టుకుని పరుగెత్తుతుంటే, నిర్వాహకుడొకాయన రోడ్డు మీదే ఆ నంబరు పీకబోయాడు. ఒలింపిక్స్‌లో మగవాళ్లకు మారథాన్ 1896 నుంచీ ఉంటే, ఆడవాళ్లకు 1984లో వచ్చింది. మన పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకున్నదే, ఆ లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనే. మధ్యలో 88 ఏళ్లు మా పెద్దమ్మలాంటి వాళ్లు ఎంతెంత బరువులు లాగారో వాళ్లు చూడలేదు కాబోలు.

సరే, బుధవారానికి వద్దాం. పొద్దున్నే ఎడమ మోకాలు నొప్పి. మధ్యాహ్నానికి అది కుడి మడమలోకి దిగింది. గొంతులో కూడా గరగర. గుండె జారిపోయి ఫోను చేస్తే ఆ అమ్మాయి నవ్వింది. "ఈ వారంలో చాలామందికి ఇంతే ఆంటీ. పని లేకపోయేసరికి ఒంట్లో ప్రతి చప్పుడూ వినపడుతుంది. వాపుంటే, కుంటుతుంటే చెప్పండి. ఊరికే చోట్లు మారే నొప్పిని పట్టించుకోకండి" అంది. ఆ సాయంత్రమే చంద్రయాన్-3 దిగడం. ఇంటిల్లిపాదీ టీవీ ముందు. నేను స్టూలు మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నా ఎవరి కంటా పడలేదు. లక్షల కిలోమీటర్లు పోయిన ఆ వాహనానికి చివరి 20 నిమిషాల్లో పనల్లా వేగం తగ్గించుకోవడమేనట. "చూశారా?" అన్నాను మావారితో. "చూశాను, 6 గంటల 4 నిమిషాలకి దిగింది" అన్నారాయన.

గురువారం పరుగు ముగించి వచ్చి, అత్తయ్యగారి దగ్గర కూర్చుని పూలమాల కడుతూ పెదనాన్నగారి ఎడ్ల కథ చెప్పాను. ఆవిడదీ వ్యవసాయపు ఇల్లే. విన్నారు, ఏమీ అనలేదు. కానీ రాత్రి ఆడపడుచును పిలిచి, "రేపు పూర్ణాలూ గారెలూ నువ్వు వెయ్యి. నీ వదిన కూర్చుని ఉండలు చేస్తుంది" అన్నారు. పూజ అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదనే ఆవిడ పట్టు మాత్రం సడల్లేదు. పూజే పొద్దున ఏడింటికల్లా ముగించేశాం. అమ్మవారు ఏమీ అనుకోలేదు.

ఇక తిండి. పోటీ ముందు కొత్తవేవీ వద్దని సూత్రం. కొత్త తిండి వద్దు, కొత్త బూట్లు వద్దు. అమెరికా నుంచి మా చెల్లెలు పంపిన బూట్లు పెట్టెలోనే ఉన్నాయి, దానికి కోపం వచ్చినా సరే. చివరి రోజు పీచు తక్కువ, నూనె తక్కువ, అన్నం పాలు కాస్త ఎక్కువ. మంచినీళ్లు దాహానికి తగినన్ని. కడవలు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదొక ముప్పట. చెప్పడం తేలికే. శనివారం పొద్దుటికి మా ఇంట్లో వాయనాల శనగలు రెండు బేసిన్ల నిండా ఉన్నాయి. తాలింపు వాసన ఇల్లంతా కమ్ముకుంది. మారథాన్ ముందు రోజు శనగలు! నేను పెరుగన్నం తిని, ఊపిరి బిగబట్టి వంటింట్లోంచి బయటపడ్డాను. పోటీ ముందు రాత్రి నిద్ర ఎలాగూ సరిగా పట్టదు, అంతకు ముందు రాత్రిదే లెక్క అని ఆ పిల్ల చెప్పింది. శుక్రవారం రాత్రి ఎనిమిది గంటలు పోయాను. అయినా సరే శనివారం మధ్యాహ్నం చొక్కాకి నాలుగు పిన్నీసులతో నంబరు గుచ్చుకుని, ఫాను వేసుకుని మళ్లీ పడుకున్నాను.

నాలుగింటికి పక్కింటావిడ తాంబూలం పట్టుకుని వచ్చింది. నేను లేవబోతుంటే హాల్లోంచి అత్తయ్యగారి గొంతు వినపడింది.

"కోడలు పడుకుందమ్మా."

"అయ్యో, ఒంట్లో బాగాలేదా?"

"నిక్షేపంగా ఉంది. అందుకే పడుకుంది."