బంతి ఇస్తేనే మాట

పిల్లల పుట్టినరోజుకి నిధి వేట ఆట పెడదామనుకున్నవాళ్లు ముందుగా చీటీలు రాయడానికి కూర్చుంటారు. ఖరగ్‌పూర్‌లో నన్నెవరైనా సలహా అడిగితే, కాగితం పక్కన పెట్టి సందంతా ఒకసారి తిరిగి రమ్మంటాను. ఏ ఇంటి అరుగు మీద ఏ తాతగారు కూర్చుంటారో, ఏ పెరట్లో ఏ మామ్మగారు సాయంత్రం పూట ఖాళీగా ఉంటారో చూసుకుని రమ్మంటాను. ఆట సగం అక్కడే తయారైపోతుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు కట్టిన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు మనుషులు పని వెతుక్కుంటూ వచ్చి ఈ ఊళ్లో ఉండిపోయారు. తరాలు మారాయి. మథురాకాటిలోనూ నిమ్‌పురాలోనూ ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతూనే ఉంటుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మనవాళ్లంతా సంతోషించారు. నాకూ సంతోషమే. అయితే ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ బెంగాలీ, బళ్లో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతున్న పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే తెలుస్తుంది, చదవమంటే రాదు. తెలుగులో రాసిన చీటీ వాళ్ల చేతికిస్తే ఆట అక్కడే ఆగిపోతుంది. ఇంగ్లీషులో రాసిస్తే ఆట సాగుతుంది గాని, ఆ ఆట ఏ ఊళ్లోనైనా ఆడుకోవచ్చు. మన సందులో ఆడే ఆట మన సందుదే అనిపించాలి. అందుకే ఆనవాళ్లు పెద్దవాళ్ల నోట్లో దాచమంటాను.

అలా చేస్తే ఒక చిక్కొస్తుంది. పిల్లల్ని రెండు జట్లు చేస్తాం కదా, రెండూ ఒకేసారి ఒకే మామ్మగారి మీద పడితే ఆవిడ ఉక్కిరిబిక్కిరైపోతారు. రెండో జట్టు పక్కన నిలబడి మొదటి జట్టుకి చెప్పింది వినేస్తుంది. దీనికి మందు రైల్వేలోనే ఉంది. ఒంటి లైను మీద రెండు బళ్లు ఎదురెదురుగా రాకుండా వెనకటి రోజుల్లో టోకెన్ ఇచ్చేవారు. ఇనపబంతిని తోలు సంచిలో పెట్టి, ఆ సంచికి పెద్ద వలయం తగిలించి డ్రైవరుకి అందించేవారు. అది చేతిలో లేనిదే బండి ముందుకు కదలకూడదు. పక్క స్టేషనుకి చేరాక దాన్ని అప్పగించాలి. రెండు స్టేషన్ల యంత్రాలకీ కరెంటు సంబంధం ఉంటుంది కాబట్టి ఒక బంతి బయట ఉండగా రెండోది రాదు. ఎంత సులువైన ఏర్పాటో, ఎన్ని ప్రాణాలు కాపాడిందో చూడండి! ఈ సంగతి రిటైరైన గార్డులకీ స్టేషన్ మాస్టర్లకీ చెప్పనక్కర్లేదు. చెప్పమంటే వాళ్లే గంటసేపు చెబుతారు.

మన ఆటలోనూ అంతే. ప్రతి పెద్దమనిషీ ఒక స్టేషను. ఆ స్టేషనుకి ఒక్కటే రబ్బరు బంతి, గుడ్డసంచిలో కట్టి ఉంటుంది. అది ఆట మొదలుపెట్టేవాళ్ల దగ్గరుంటుంది. బంతి పుచ్చుకున్న జట్టే ఆ ఇంటికి వెళ్లాలి. రెండో జట్టుకి వేరే ఇంటి బంతి ఇస్తాం. పిల్లలు గుమ్మంలోకి రాగానే తాతగారు, "ఏటమ్మా, బంతేదీ? బంతి ఇస్తేనే మాట" అనాలి. మాట విన్నాక, ఆ మాట చెప్పిన వస్తువుని పట్టుకుని, దానికి కట్టిన రంగు దారం తెంపుకుని, బంతితో సహా తిరిగి రావాలి. దారం చూపిస్తేనే తర్వాతి బంతి.

మాట అంటే పొడుపుకథ. పాతవి చాలా ఉన్నాయి గాని, ఆ ఇంటికీ ఆ పెరటికీ అతికేటట్టు కొత్తవి కట్టడంలోనే పెద్దవాళ్లకి ఉత్సాహం. "రోజూ తలంటు పోసుకుంటుంది, జడ వేసుకోదు. దీపం పెట్టించుకుంటుంది, చదువుకోదు" అంటే తులసమ్మ. "నోరెప్పుడూ పైకే, పెట్టినదంతా నూరి మళ్లీ మనకే ఇచ్చేస్తుంది" అంటే రుబ్బురోలు. మిక్సీలు వచ్చాక పుట్టిన పిల్లలకి ఇది తట్టదు. తట్టకూడదు కూడా. అప్పుడు వాళ్లు "మామ్మా, నూరడమంటే ఏటి?" అని అడుగుతారు. ఆవిడ చేత్తో తిప్పి చూపిస్తుంది. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన నిమిషం అదే. మనవడు ఫోనులోంచి తలెత్తి తనని ఏదైనా అడిగితే బాగుణ్ణని చూసే కళ్లు ఆ సందులో ఎన్నో ఉన్నాయి.

ఖరగ్‌పూర్‌లో పుట్టినరోజుకి తెలుగు పిల్లలు మాత్రమే రారు. బెంగాలీ, ఒడియా, బీహారీ, పంజాబీ పిల్లలు కూడా వస్తారు. కాబట్టి ప్రతి జట్టులోనూ తెలుగొచ్చిన పిల్ల ఒకరుండాలి. నాయనమ్మ అన్నది విని ఆ పిల్ల హిందీలో చెబుతుంది, మిగిలినవాళ్లు ఆలోచిస్తారు. బళ్లో ఏ మార్కూ తెచ్చిపెట్టని భాషకి ఆ సాయంత్రం జట్టంతా చెవులప్పగిస్తుంది. అలాగే ఒకటి రెండు స్టేషన్లు బెంగాలీ దాదూకీ, ఒడియా మాసికీ ఇవ్వండి. అప్పుడు మన పిల్లలు నోరు మూసుకుని వినాలి.

ఏర్పాట్ల సంగతి. ఆరేళ్ల నుంచి పదేళ్లలోపు పిల్లలకి జట్టుకి ఆరు స్టేషన్లు చాలు. డిసెంబరులో ఇక్కడ అయిదింటికే పొద్దుగూకుతుంది, అందుకని మూడున్నరకే మొదలుపెట్టాలి. పట్టాలు, చెరువు, బళ్లు తిరిగే రోడ్డు ఆట హద్దుకి అవతలే ఉండాలి. హద్దు దగ్గర పెద్దవాళ్లెవరైనా నిలబడాలి. పిల్లలకి చెప్పాం కదా అని ఊరుకోవద్దు.

నిధి పంచుకునేదై ఉండాలి. ఒక్క బొమ్మ పెట్టి గెలిచినవాడికే ఇస్తే మిగిలినవాళ్లు ఏడుస్తూ ఇంటికెళతారు. పాత గార్డుల ఇళ్లలో డ్యూటీకి తీసుకెళ్లిన ఇనపపెట్టె ఎక్కడైనా మిగిలుంటే అంతకన్నా మంచి నిధిపెట్టె దొరకదు. అందులో జంతికలు, చలికాలంలో గోల్‌బజారులో దొరికే కొత్త ఈతబెల్లంతో చేసిన సందేశ్ పెట్టండి. రెండు జట్లూ తెచ్చిన దారాలన్నీ కలిస్తేనే మూత తెరుచుకుంటుందని నియమం పెట్టండి.

పన్నెండు దాటినవాళ్లకి ఈ సందు చాలదు. వాళ్లకి ఊరే ఆటస్థలం. స్టేషనులో 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది. పొడవులో 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటింది, 2023లో హుబ్బళ్లి గోరఖ్‌పూర్‌ని దాటింది. అయినా ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని అడుగులో పెద్దవాళ్లు తోడుండగా లెక్కపెట్టడం మంచి ఆనవాలే. ఐఐటీ ఆవరణలోని హిజ్లీ నిర్బంధ శిబిరం భవనానికి కూడా తీసుకెళ్లండి. 1931 సెప్టెంబరు 16న అక్కడ తుపాకీ కాల్పుల్లో నిర్బంధంలో ఉన్న సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత దేశంలో మొట్టమొదటి ఐఐటీ ఆ భవనంలోనే మొదలైంది. అక్కడ వెతుకులాట పెట్టేటప్పుడు మాత్రం గోల చేయకూడదని ముందే చెప్పండి.

ఈ చలికాలం మీ ఇంట్లో పుట్టినరోజు ఉంటే, కేకు ఆర్డరివ్వడానికి ముందే మీ సందులో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎవరు ఏ స్టేషనో పంచేసుకోండి.