రంపం బల్ల

హాస్టల్లో మా సామానంతా ఒక్కో రేకు పెట్టెలో ఇమిడిపోయేది. ఇప్పుడు గాజువాకలో మా ముగ్గురి ఇళ్లకూ అలమరలు మేమే చేసుకుందామని, తలా కొంత వేసుకుని రంపం బల్ల కొనబోయాం.

మాలో ఒకడు వడ్రంగి కొడుకు. వాళ్ల నాన్నగారు చేతి కటింగ్ మెషిన్‌ను ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి కోసేవారు. ఓ రోజు పలక బ్లేడును పట్టేసి వెనక్కి తన్నింది. ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. ఆ ఏడాదే మావాడు హాస్టల్లో చేరాడు.

అందుకే దుకాణంలో ముందు మోటారు బలం అడగలేదు. బ్లేడు వెనక రైవింగ్ నైఫ్ ఉందా అని చూశాం. కోసిన చీలిక మూసుకుపోయి బ్లేడును పట్టకుండా ఆపేది అదే. పైన తొడుగు ఉందా? పక్క పట్టీ బ్లేడుకు సమాంతరంగా నిలుస్తోందా? ముందూ వెనకా టేపుతో కొలిస్తే, చౌకదాంట్లో రెండు మిల్లీమీటర్ల తేడా! 18 మి.మీ. ప్లైవుడ్‌కు 10 అంగుళాల బ్లేడు చాలు. మంచిదానికి డబ్బు చాలక రెండు నెలలు ఆగాం.

మొదటి పలక నాన్నగారే కోశారు, ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని, తోపుడు కర్రతో.

తమ్ముళ్లూ, పనిముట్టు కొనేటప్పుడు ధరకన్నా ముందు మీ వేళ్లు లెక్కపెట్టుకోండి.