నేల దేవుడిది, గోడలు మావి

మా యింటి కింద వున్న నేల మాది కాదన్న సంగతి నాకు యాభై యెనిమిదో యేట తెలిసింది.

అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, “ఇల్లు అక్కయ్య పేర పెట్టించరా” అన్నది. బావగారు చిన్నతనంలోనే పోయారు. అక్కయ్యకు పిల్లలు లేరు. పదిహేనేళ్లు అమ్మను కనిపెట్టుకుని వున్నది ఆవిడే. నేను హైదరాబాదులో ఉద్యోగం వెలగబెడుతూ, పండగలకు వెళ్లి పిండివంటలు తిని వచ్చేవాణ్ణి. అందుచేత అమ్మ మాటకు వెంటనే సరేనన్నాను. ఆ ఔదార్యాన్ని నలుగురి చెవినా వేశాను కూడా.

మాసికం కాగానే రిజిస్ట్రారు కచేరీకి వెళ్లాను. గుమాస్తా సర్వే నంబరు చూసి, “ఇది దేవస్థానం భూమి కదండీ, నిషేధిత జాబితాలో వున్నది” అన్నాడు. రిజిస్ట్రేషను చట్టంలో 22-ఏ అని ఒక సెక్షను వున్నదట. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ ప్రకారం, దేవాలయాల ఆస్తులు ఆ జాబితాకెక్కితే వాటి దస్తావేజులు రిజిస్టరు చెయ్యరు.

ఇంటికి వచ్చి భోషాణం వెతికితే తాతగారి కాగితం బయటపడింది. 1931లో గుడి ధర్మకర్తలు, పై అనుమతులతో సహా, స్థలాన్ని ఆయనకు తొంభై తొమ్మిదేళ్లకు కౌలుకిచ్చారు. తాతగారికి నాన్నగారొక్కరే సంతానం. అయినా ఆయన తన పేరు మార్పించుకోలేదు. యిక నా సంగతి చెప్పేదేముంది!

కాగితం పట్టుకుని ప్లీడరుగారి దగ్గరకు పరుగెత్తాను.

“నేల దేవుడిది, గోడలు మీవి” అన్నారాయన. “1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కౌలుదారు తన హక్కును మరొకరికి ఇవ్వవచ్చు, పత్రంలో వద్దని లేకపోతే. మీ పత్రంలో ధర్మకర్తల రాతపూర్వక అనుమతి కావాలని వున్నది.”

“పోనీ, స్థలం కొనేస్తే?”

“1987 నాటి దేవాదాయ చట్టం వున్నది. కమిషనరుగారి ముందస్తు అనుమతి కావాలి. ఆపైన బహిరంగ వేలం. ఆ వేలంలో మీరొక్కరే పాడతారా?”

“గడువు తీరితే?”

“స్వాధీనం వదిలేలోగా మీరు కట్టుకున్నది విప్పుకుని పోవచ్చు. స్థలం మాత్రం మొదట వున్నట్టు వప్పజెప్పాలి.”

వేళ్లు మడిచి లెక్క వేశాను. గడువు తీరేది 2030లో. ఇల్లు ఇచ్చేశానని ఊరంతా చాటుకున్న నేను, నిజానికి ఇవ్వగలిగినది నాలుగైదేళ్లు!

ఈ మాట అక్కయ్యతో ఎలా చెప్పడం? రెండు రోజులు నసిగి, మూడోనాడు చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూనే వింది. లోపలికి వెళ్లి తన ట్రంకు పెట్టెలోనుంచి ఒక కట్ట తెచ్చింది. నాన్నగారు పోయిన యేడు మొదలు నిరుటి దాకా గుడికి కట్టిన నేల అద్దె రసీదులు, ఒక్కటీ తప్పకుండా.

“అమ్మకు తెలుసురా. స్థలం మనది కాదని ఎప్పుడూ అంటూనే వుండేది. నిన్ను ఇల్లు ఇమ్మనలేదు. నా పేర పెట్టించమన్నది. ఆ తిరుగుడు నావల్ల కాదని.”

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ నాకు పని అప్పగించింది. నేను దాన్ని దానం అనుకున్నాను.

తాతగారి, నాన్నగారి, అమ్మ మరణ ధ్రువపత్రాలు, వారసత్వపు కాగితం, నా సమ్మతి పత్రం, అక్కయ్య రసీదులు జతచేసి అర్జీ పెట్టాను. కౌలు అక్కయ్య పేరికి మార్చమనీ, గడువు పొడిగించమనీ. జవాబు రావలసి వున్నది. ఒకవేళ రాకపోతే అక్కయ్య వీధిన పడకూడదని, నెలనెలా ఆవిడ పేర కొంత బ్యాంకులో వేస్తున్నాను.

మీ యింటి భోషాణం కూడా ఒకసారి తెరిచి చూసుకోండి. పెద్దవాళ్లు వుండగానే చూస్తే, అడగడానికి మనిషి వుంటుంది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే, “అక్కయ్యకు ఇల్లు ఇచ్చాను” అనడం మానేశాను. “అర్జీ పెట్టాను” అంటున్నాను.