ఎలుక ఎక్కని గుంజ

మెస్సు ముందున్న సరుగుడు గుంజకు నూనె డబ్బా ఎందుకు బోర్లించి వుందని చాలామంది అడుగుతున్నారు. దిష్టికి కట్టారా అన్నా అని ఆరో తరగతి తమ్ముళ్ళు అడిగారు. ఒక్కొక్కరికి చెప్పేకంటే గోడపత్రికలో రాయరా, అందరూ చదువుతారు అని తెలుగు మాస్టారు అన్నారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మాది పరిటాల. విజయవాడ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద కంచికచర్లకు ముందు వస్తుంది. 2003లో నిలబెట్టిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం బస్సులోంచే కనిపిస్తుంది. మునుపు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. మేము యానాదులం. మా తాత, నాయన పొలాల్లో ఎలుకలు పట్టే పని చేస్తారు. మా మెట్ట వైపు పత్తి, మిరప ఎక్కువ. అందుకని వరి కోతల రోజుల్లో కృష్ణ కాలవల కింద ఊళ్ళకు పోతారు. గట్టు మీద కలుగు చూసి, మిగతా కన్నాలు మూసి, కుండలో గడ్డి అంటించి పొగ ఊదుతారు. తరువాత తవ్వుతారు. రైతు కూలి ఇస్తాడు. ఎలుక దాచుకున్న కంకులు మాకు వదిలేస్తాడు. ఒక్కో కలుగులో సోలెడు వడ్లు దొరుకుతాయి, ఒక్కోసారి మానికెడు. ఆ వడ్లు దంచి వండిన అన్నం తినే నేను పెరిగాను.

ఈ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే కూలి అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు గాని, పూర్తి నిజమూ కాదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మ వరి కంకులతో కుచ్చు అల్లి ఇచ్చింది. బడిలో కట్టుకో, పిచ్చుకలు వస్తాయి అన్నది. సైన్సు సారుకు చూపిస్తే సంతోషించారు. పిచ్చుకలు గింజలు తింటాయి గాని పిల్లలకు మాత్రం పురుగులు తెచ్చి పెడతాయట. ఆ విధంగా తోటకు మేలు చేస్తాయట. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం 2010 నుంచి జరుపుతున్నారు, ఆ రోజుకు మన బడిలో పిచ్చుకలు తిరగాలి అన్నారు. వరండాలో కడితే మెస్సు పిల్లి పొంచి వుంటుంది. అందుచేత మెస్సు ముందు సరుగుడు గుంజ పాతి, దాని కొసన అడ్డకర్రకు కుచ్చు కట్టాము. రెండో రోజుకే నాలుగు పిచ్చుకలు వచ్చాయి. వారం తిరిగేసరికి లెక్కపెట్టలేనన్ని. పళ్ళు తోముకుంటూ అందరూ అటే చూసేవాళ్ళు.

ఒక రోజు తెల్లవారి చూస్తే కుచ్చులో సగం లేదు. కంకులు తెగి కింద పడివున్నాయి. మొదట ఐదో తరగతి పిల్లల మీద అనుమానం వచ్చింది. వాళ్ళు ఏడ్చారు. మర్నాడు ఇంకా కొంచెం పోయింది. కింద నల్లగా ఎలుక పెంటికలు కనిపించాయి. అప్పుడు మా తరగతి వాడొకడు, పేరు రాయను, ఎక్కడ విన్నాడో ఏమో, "ఎలుకలు పట్టేవాడు కుచ్చు తెచ్చాడు, వాడి వెనకే చుట్టాలూ వచ్చారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకడు కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని సామెత చెప్పాడు. మీకది సామెత. గట్టు తవ్వి ఎలుకను పట్టడం మాకు కూలి. కాని ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ రోజు అన్నం సహించలేదు.

వార్డెన్ సారు వచ్చి చూసి, కుచ్చు తీసెయ్యండి అన్నారు. ఆయన మాటలో న్యాయం వుంది. పక్కనే స్టోర్ రూములో బియ్యం మూటలు వున్నాయి. ఎలుకలు మరిగితే బియ్యం పాడు, ఎలుకల వెనక పాములు. నేను ధైర్యం చేసి, "సార్, ఒక్క వారం ఇవ్వండి, ఎలుక ఎక్కకుండా చేస్తాను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆయన ఒక నిమిషం నన్ను చూసి, "సరే, వారమే" అన్నారు.

ఇక సలహాలు మొదలయ్యాయి. గుంజకు గ్రీజు పూయమన్నారు కొందరు. ఆ గ్రీజు పిచ్చుక రెక్కలకు అంటితే అది ఎగరలేదని సారు వద్దన్నారు. మందు పెట్టమన్నారు ఇంకొందరు. మందు తిన్న ఎలుకను పిల్లి గాని గుడ్లగూబ గాని తింటే వాటికీ ప్రమాదం. తుమ్మ కంప చుట్టాను. మూడు ముళ్ళు నా చేతికే గుచ్చుకున్నాయి, ఎలుకకు ఏమీ కాలేదు. ముళ్ళ సందుల్లోంచి దర్జాగా వెళ్ళింది.

అప్పుడు వార్డెన్ సారు ఫోనులో తాతతో మాట్లాడాను. తాత వెంటనే ఉపాయం చెప్పలేదు, ప్రశ్నలు వేశాడు.

"పగలు తింటందా, రేత్రి తింటందా?"

"రేత్రి తాతా."

"అయితే ఉడత కాదు. ఉడత పగటి దొంగ. కంకి తెగిన చోటు ఎట్టా ఉంది?"

"కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంది."

"ఎలకే. అయితే పొలం ఎలక కాదురా మనవడా. పొలం ఎలక తవ్వుద్ది, ఇంటి ఎలక ఎక్కుద్ది. కొబ్బరిచెట్టుకి రేకు కట్టటం చూళ్ళేదా? ముందు అది ఎట్టా ఎక్కుద్దో కూర్చుని చూడు. చూడకుండా ఏదీ కట్టమాక."

నేను చూడకుండానే కట్టాను. కొబ్బరిచెట్టుకు కట్టినట్టే గుంజకు అడుగున్నర మేర రేకు చుట్టాను. తెల్లారి చూస్తే ఇంకో నాలుగు కంకులు పోయాయి. వారంలో నాలుగు రోజులు అయిపోయాయి.

ఆ రాత్రి సారును అడిగి వరండాలో కూర్చున్నాను. తోడుగా ఎవరైనా వుండాలన్నారు. ఎవరు వస్తారని అడిగితే నన్ను ఎగతాళి చేసినవాడే లేచాడు. నిద్ర రావడం లేదు, అందుకే అన్నాడు. ఇద్దరం దుప్పటి కప్పుకుని కూర్చున్నాము. పదకొండు దాటాక ఎలుక గోడ వారగా వచ్చింది. కాసేపు గుంజ కింద రాలిన వడ్లు తిన్నది. తరువాత గుంజను రెండు చేతులతో కావిలించుకుని, మనం తాటిచెట్టు ఎక్కినట్టే, రేకు మీద కూడా జరజరా ఎక్కింది.

అప్పుడు అర్థమయింది. కొబ్బరిచెట్టు లావు. ఎలుక దాన్ని కావిలించుకోలేదు, గోళ్ళు గుచ్చి ఎక్కాలి. రేకు మీద గోళ్ళు దిగవు, జారిపోతుంది. మన గుంజ చేతి మణికట్టంత లావు. దాన్ని ఎలుక పట్టుకోగలదు. రేకు చుట్టినా అంతే. కాబట్టి గుంజ మధ్యలో కావిలించుకోలేనంత పెద్దది ఏదో అడ్డం వుండాలి.

మర్నాడు ఈ సంగతి చెబితే సైన్సు సారు ఒక బొమ్మ చూపించారు. అమెరికాలో రకూన్ అని ఒక జంతువు వుందట. మన దేశంలో లేదు. జర్మనీలో 1934లో తెచ్చి అడవిలో వదిలితే అక్కడా పెరిగిపోయిందట. కళ్ళ చుట్టూ నల్లని గంతలు, నాటకంలో దొంగ వేషంలాగా. ముందు కాళ్ళు మన చేతుల్లాంటివే. పక్షులకు పెట్టిన గింజలను రాత్రిపూట గుంజ ఎక్కి ఊడ్చేస్తుందట. అక్కడివాళ్ళు గుంజకు రెండడుగులకు పైగా పొడవున్న పొయ్యి గొట్టం లాంటి రేకు గొట్టం తొడుగుతారు. దాని పైన మూసి వుంటుంది, కింద తెరిచి వుంటుంది. రకూన్ ఎక్కుతూ గొట్టం లోపలికి పోతుంది, పైన దారి లేదు, దిగిపోతుంది. ఓడలను రేవులో కట్టే మోకులకు కూడా గుండ్రటి రేకు పళ్ళాలు తొడుగుతారని, ఎలుకలు మోకు మీద నడిచి ఓడ ఎక్కకుండా, దిగకుండా అని సారు చెప్పారు. సముద్రం అవతల వాళ్ళకూ, గట్టు మీద కూర్చున్న మా తాతకూ ఒకటే ఆలోచన వచ్చిందే అనుకున్నాను.

మెస్సులో 15 కిలోల నూనె డబ్బా ఖాళీది అడిగి తెచ్చాము. ఒకవైపు మూత పూర్తిగా కోసేశాము. రెండో వైపు గుంజ పట్టేంత కన్నం చేశాము. అంచులు సుత్తితో మడిచాము, లేకపోతే చేతులు తెగుతాయి. తెరిచిన వైపు కిందికి వచ్చేటట్టు బోర్లించి గుంజకు తొడిగి, కింద మేకు కొట్టి తీగతో బిగించాము. పైన గుంజకూ డబ్బాకూ మధ్య సందు లేకుండా ఇంకో రేకు ముక్క కట్టాము. ఎలుక మూడడుగుల దాకా ఎగరగలదు. కనుక డబ్బా అడుగు నేలకు నాలుగడుగుల పైన వుండాలి. గుంజను కూడా పీకి, గోడకూ వేపచెట్టు కొమ్మలకూ పదడుగుల దూరంలో మళ్ళీ పాతాము. లేకపోతే రాత్రి ఎలుకను ఆపినా పగలు ఉడుత కొమ్మ మీంచి దూకుతుంది.

ఆరో రాత్రి మళ్ళీ ఇద్దరం కూర్చున్నాము. ఎలుక వచ్చింది. ఎక్కింది. డబ్బాలోకి దూరింది. లోపల గరగరమని గోళ్ళ చప్పుడు. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి ఎలుక వెనక్కి దిగింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. మూడోసారి దిగి, గుంజ కింద అటూ ఇటూ తిరిగి, గోడ వారగా వెళ్ళిపోయింది. మావాడు అరవబోతే నోరు మూశాను. పొద్దున కుచ్చు అలాగే వుంది. వార్డెన్ సారు డబ్బాను తట్టి చూసి, "స్టోర్ రూము తలుపు కింద కూడా రేకు కొట్టాలి, మీ తాతను అడుగు" అన్నారు.

ఆ ఆదివారం తాత వచ్చాడు. నేను గుంజ దగ్గరకు తీసుకుపోయాను. డబ్బా చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన డబ్బా వైపు ఒక్కసారే చూశాడు. తరువాత గొంతుక్కూర్చుని నేల చూశాడు. నేల మీద ఒక్క గింజ లేదు.

"ఇక్కడ చిమ్మింది ఎవరు?" అన్నాడు.

మావాడు సిగ్గుపడుతూ ముందుకు వచ్చాడు. నాకు చెప్పకుండా రోజూ సాయంత్రం వాడే చిమ్ముతున్నాడట.

"ఇదిరా అసలు పని. ఎలకకి మన మీద పగ లేదు, ఆకలి. కింద గింజ రాలితే వత్తది, రాలకపోతే దాని దారిన అది పోద్ది. డబ్బా సగం పని, చీపురు సగం పని" అన్నాడు తాత.

వాడు తాతను పొలంలో ఎలుక ఎలా పట్టాలో అడిగాడు. తాత చెబుతూ వుంటే చుట్టూ ఇరవై మంది చేరారు. ఆయన చెప్పేదంతా నాకు తెలిసిందే. కాని మా తాత మాటలు ఇంతమంది వినడం మొదటిసారి చూశాను. ఎవరో నా వైపు తిరిగి, "మీ తాతేనా?" అని అడిగారు. "అవును, మా నాయన కూడా ఈ పనే చేస్తాడు" అన్నాను.

ఇక చివరి మాట. కోతులు వస్తే ఈ డబ్బా పనిచేయదు, మా ఊరి ఆంజనేయస్వామిని తలుచుకోవడమే. కాని ఎలుకకు, ఉడుతకు చాలు. గుంజ కింద రోజూ సాయంత్రం చిమ్మాలి. దానికి గదుల వారీగా వంతులు వేశాము, పట్టిక కిందనే అంటించాము. మీ వంతు చూసుకోండి. మర్చిపోతే మా తాతకు ఫోను చేస్తాను!

– 8వ తరగతి విద్యార్థి