దమ్మిడీ మసీదు

దబీర్‌పురాలో రెండేళ్లు అద్దెకున్నాను. దబీర్ అంటే పారశీకంలో లేఖకుడు. పాత నగర ప్రాకారానికి ఉన్న దర్వాజాల్లో ఇవాళ మిగిలినవి రెండే: ఒకటి పురానాపూల్‌ది, రెండోది మా దబీర్‌పురాది. నేను దాన్ని ఫోటోలు తీస్తుంటే చాయ్ హోటల్ పెద్దాయన నవ్వి, "ఇదేం చూస్తవ్ భాయ్, కార్వాన్ పోయి దమ్డీ మసీద్ చూడు" అన్నాడు. ఆ ఆదివారమే పోయాను.

గోల్కొండ నుంచి పురానాపూల్ వైపొచ్చే పాత బాట మీద ఉంటుంది కార్వాన్. అసలు పేరు టోలీ మసీదు. 1671లో అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర మహల్దారుగా ఉన్న మూసాఖాన్ కట్టించాడు. ముందు అయిదు కమాన్లు, లోపలి హాలుకి మూడు, రెండు పక్కలా మినార్లు. చార్మినార్ చూసొచ్చిన కంటికి చిన్నదే. కానీ దగ్గరికెళ్తే కన్ను తిప్పుకోలేం, అంత నగిషీ. అంతా గచ్చు పని: సున్నం తడిగా ఉండగానే చెయ్యాలి, తర్వాత అది గాలి పీల్చుకుంటూ రాయవుతుంది. మీద సిమెంటు మెత్తినా, ఆయిల్ పెయింటు కొట్టినా లోపలి తేమకి దారుండదు, పెచ్చులూడతాయి. గల్లీ మసీదుల్లో చాలావాటికి ప్రేమగా చేసే అన్యాయం ఇదే. (గుళ్లక్కూడా. ఆ సంగతి ఇంకోసారి.)

మా అమ్మమ్మ వాళ్లింట్లో వేసవంతా గచ్చు మీదే పడుకునేవాళ్లం. ఆ మాట పారశీకపు 'గచ్' అని చాలా ఆలస్యంగా తెలిసింది. 'వాళ్ల కట్టడాలు' అనడం అప్పట్నుంచీ నాకు కష్టమైపోయింది.

ఇక దమ్మిడీ కథ. మక్కా మసీదు పనులు చూసిన మూసాఖాన్‌కి ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ ముట్టేదనీ, అవి కూడబెట్టి దీన్ని కట్టాడనీ చెప్తారు. అలవాటు కొద్దీ లెక్కేశాను. మొఘల్ లెక్కలో రూపాయికి 40 దాంలు, దాంకి 8 దమ్డీలు. గోల్కొండలోనూ అదే లెక్క అనుకుంటే, లక్ష ఖర్చయితే ఆయనకి దక్కేది 312 రూపాయల చిల్లర. దాంతో ఇంత మసీదా? నాకు నమ్మకం కుదర్లేదు.

అయినా ఆ కథంటే ఇష్టమే. సర్కారు పనిలో కమీషన్ లేకుండా ఉండదని జనానికి అప్పుడూ తెలుసు. దాన్ని దాచిపెట్టకుండా, అన్నిట్లోకీ చిన్న నాణెం పేరే మసీదుకి తగిలించారు. మూసాఖాన్‌ని ఇది వెక్కిరించడమో, మెచ్చుకోవడమో తేల్చుకోలేకపోయాను.

కమీషన్ మసీదు 1671కల్లా తయారు. అసలు మసీదు, ముహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిన మక్కా మసీదు, అప్పటికింకా కడుతూనే ఉన్నారు. 1687లో గోల్కొండ పడిపోయింది. పని ముగించింది 1694లో, ఔరంగజేబు మనుషులు.